4+3=7: ఏడంటే ఎన్నికి ఏడు?

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. చీరాలలో ఒక బట్టల కొట్లో నలభై ఏళ్లు గుమాస్తాగా చేసి మానుకున్నాను. రాత్రిళ్లు నాలుగైదుసార్లు ఒంటేలుకి లేవాల్సి వస్తోందని చూపించుకుంటే రక్తపరీక్షలో పీఎస్ఏ 14 ఉందన్నారు. ఎమ్మారై తీశారు. తర్వాత గుంటూరులో బయాప్సీ చేశారు. రిపోర్టు మా అబ్బాయి తన దగ్గరే పెట్టుకుని ‘చిన్న వాపే నాన్నా’ అంటున్నాడు. వాడు స్నానానికి వెళ్లినప్పుడు కవరు తీసి చూశాను. గ్లీసన్ స్కోర్ 4+3=7 అనీ, గ్రేడ్ గ్రూప్ 3 అనీ, 12 ముక్కల్లో 5 అనీ ఉంది. ఎముకల స్కాన్‌లో ఏమీ లేదని ఉంది. 7 అంటే పదికి ఏడా? డెబ్భై శాతం పాకిందా? 3 అంటే మూడో స్టేజా? ఆపరేషనైనా, రేడియేషనూ ఇంజెక్షన్లూ అయినా మీరే తేల్చుకోండని డాక్టరు గారు మా వాడితో ఇంగ్లీషులో చెప్పారు. మనవరాలి ఫోన్లో చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదు. సూది గుచ్చారు గనక ఇక పాకుతుందని పక్కింటాయన అంటున్నాడు. బీజాలు తీయించేసుకుంటే సరిపోతుందని కూడా ఆయనే చెబుతున్నాడు. నడుం నొప్పి కూడా ఉంది. నాకు ఎంత కాలం ఉంది? ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తను? (పేరు రాయవద్దన్నారు.)

సమాధానం: అయ్యా, నమస్కారం. మీ ఉత్తరంలో అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి, కుడి అంచు సరిచేసి రాశారు. చిట్టా రాసిన చెయ్యి అని అక్కడే తెలిసిపోయింది. కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మీ కాగితం చెబుతున్నది ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి, అంటే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథిలో వచ్చే క్యాన్సర్.

మీ కొట్టు లెక్కలో 4+3 అన్నా 3+4 అన్నా ఒకటే. ఈ లెక్కలో అవి వేర్వేరు. బయాప్సీలో తీసిన ముక్కల్ని పల్చటి పొరలుగా కోసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి పెథాలజిస్టు చూస్తారు. మామూలు ప్రోస్టేట్‌లో కణాలు చిన్న చిన్న గదులు కట్టినట్టు వరసగా పేర్చి ఉంటాయి. క్యాన్సర్ వచ్చిన చోట ఆ కట్టడం చెడుతుంది. గదులు ఇంకా విడివిడిగా కనిపిస్తుంటే 3 వేస్తారు. గోడలు కలిసిపోయి ఏది ఏ గదో తెలియకుండా ఉంటే 4. గదులే లేకుండా కణాలు చెల్లాచెదురుగా పడి ఉంటే 5. ముక్కల్లో ఏ రకం ఎక్కువగా ఉందో దాని అంకె ముందు రాసి, రెండో దాని అంకె తర్వాత రాసి కూడతారు. మీకు 4 రకం ఎక్కువ, 3 రకం తక్కువ. అందుకే 4+3. ఇదే 3+4 అయి ఉంటే జబ్బు కాస్త నెమ్మదైనదని అర్థం. 1966లో ఈ పద్ధతి పెట్టిన అమెరికా పెథాలజిస్టు డోనాల్డ్ గ్లీసన్ పేరే మీ రిపోర్టులో ఉన్నది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 7 అంటే పదికి ఏడు మార్కులు కాదు, డెబ్భై శాతం పాకడం అంతకంటే కాదు. ఈ రోజుల్లో బయాప్సీ చూసి 1, 2 అంకెలు దాదాపు వేయరు. అంటే ఈ లెక్క 3+3=6 దగ్గరే మొదలై 5+5=10 దగ్గర ఆగుతుంది. 6 అన్నది అన్నిటికంటే నెమ్మదైన రకం. చాలామందికి దానికి వెంటనే వైద్యం కూడా చేయరు, పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటారు. కానీ ‘పదికి ఆరు’ అని చదువుకుని బెంగపెట్టుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఈ గందరగోళం పోగొట్టాలనే 2014లో పెథాలజిస్టులు సమావేశమై 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూపులు ఖరారు చేశారు. 6 అయితే 1. 3+4 అయితే 2. మీ 4+3 మూడోది. 8 నాలుగోది, 9, 10 అయిదోది.

వాళ్లు ఒక గందరగోళం తీర్చారు, మన దగ్గర ఇంకోటి పుట్టింది. మన ఇళ్లలో క్యాన్సర్ అనగానే నోట వచ్చే మొదటి మాట ‘ఏ స్టేజీ?’ అనే కదా. గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజీ అనుకుని కుమిలిపోయిన వాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. గ్రేడ్ అనేది కణం స్వభావం. స్టేజీ అనేది అది ఎంత దూరం వెళ్లిందన్న సంగతి. కోపిష్టి మనిషి ఇంట్లోనే కూర్చుని ఉండొచ్చు, నెమ్మదస్తుడు ఊళ్లు దాటి వెళ్లి ఉండొచ్చు. మీ స్టేజీ తేలేది డాక్టరు వేలితో చేసిన పరీక్ష, ఎమ్మారై, స్కాన్లు కలిపి చూసినప్పుడు. ఎముకల్లోకి పోలేదని స్కాన్ చెబుతోంది. గ్రంథి పొర దాటిందా లేదా, పక్కనున్న లింఫు గడ్డల్లో ఏమైనా ఉందా అన్నది ఎమ్మారై రిపోర్టు చివర్లో రాస్తారు. మీరు బయాప్సీ కాగితం చూశారు గానీ ఆ కాగితం చూడలేదు. అది అడిగి తీసుకోండి.

12 ముక్కల్లో 5 అంటే, ప్రోస్టేట్‌లో పన్నెండు చోట్ల సూదితో సన్నటి ముక్కలు తీస్తే అందులో అయిదింటిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి అని. పన్నెండులో అయిదు వంతులు జబ్బు అని మాత్రం కాదు.

పీఎస్ఏ విషయంలో అందరూ పొరపడేది ఒకటుంది. అది క్యాన్సర్ విడుదల చేసే విషం కాదు, ప్రోస్టేట్ మామూలుగానే తయారుచేసే పదార్థం. వాపు వచ్చినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వయసుతో గ్రంథి పెరిగినా రక్తంలో అది పెరుగుతుంది. అందుకే పీఎస్ఏ అనుమానం పుట్టిస్తుంది, తేల్చి చెప్పేది బయాప్సీ. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం కూడా ఎక్కువగా వయసుతో పెరిగిన గ్రంథి చేసే పని. క్యాన్సర్ చాలామందిలో గ్రంథి వెనక అంచున మొదలవుతుంది, మూత్రనాళానికి దూరంగా. అందుకే మొదట్లో అది అలికిడి చేయదు. మాత్రలు వేసుకున్నాక ఒంటేలు సాఫీగా వస్తోందంటే ‘జబ్బు తగ్గుతోంది’ అనుకుని వైద్యం మానేసినవాళ్లున్నారు. మీరు ఆ పొరపాటు చేయకండి. ఆ మాత్ర దారి సులువు చేస్తుంది, క్యాన్సర్ జోలికి పోదు.

ఇక మీ మనవరాలి ఫోన్. ప్రోస్టేట్ క్యాన్సర్ అని కొడితే అందులో వచ్చేది ఊరందరి చిట్టా. ఎముకలకు పాకినవాళ్లది, ఇరవై ఏళ్లుగా హాయిగా తిరుగుతున్నవాళ్లది, లక్ష్మణ ఫలం తిని నయమైందని వీడియో పెట్టినవాళ్లది, అన్నీ ఒకే పేజీలో కలిసిపోయి వస్తాయి. మీకు కావాల్సింది ఆవర్జాలో మీ ఖాతా పేజీ. అది మీ కవర్లో ఉంది. అందుకని ఏం చదివినా ముందు ‘ఇది నా గ్రేడుకి, నా స్టేజీకి చెబుతున్నదేనా’ అని చూడండి. కాకపోతే పేజీ తిప్పేయండి. మీ అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి అమెరికాలో ఎన్‌సీసీఎన్ అనే క్యాన్సర్ సంస్థ రోగుల కోసమే ఉచితంగా పెట్టిన ప్రోస్టేట్ పుస్తకాలు దించుకోమనండి. తొలి దశకి ఒకటి, ముదిరిన దశకి ఒకటి విడివిడిగా ఉంటాయి. మొదటిది మాత్రమే చదివి మీకు తెలుగులో చెప్పమనండి. రెండోది ఇప్పుడు మీకు అక్కర్లేదు.

పక్కింటాయన మాటలు. సూది గుచ్చితే పాకుతుందన్న భయం చాలా పాతది. ప్రోస్టేట్ బయాప్సీ వల్ల క్యాన్సర్ అలా వ్యాపించడం అత్యంత అరుదు. దానికి భయపడి బయాప్సీ వద్దనుకుంటే జబ్బు ఏమిటో తెలియకుండానే వైద్యం చేయాల్సి వస్తుంది. బయాప్సీ తర్వాత కొన్నాళ్లు మూత్రంలో ఎర్ర జీర, వీర్యంలో తుప్పు రంగు కనిపిస్తాయి. మీరు అవి చూసి హడలిపోయి ఉంటారు. అవి మానే గాయం రంగులు. చలితో జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బీజాలు తీయించుకోవడం అన్న మాట ఆయన ఊరికే పుట్టించలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి పురుష హార్మోను ఎరువులాంటిదని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో నోబెల్ వచ్చింది ఆయనకి. బీజాలు తీసేస్తే ఆ హార్మోను దాదాపు ఆగిపోతుంది, నెలకో మూడు నెలలకో ఇచ్చే ఇంజెక్షన్లూ ఆ పనే చేస్తాయి. పాకిపోయిన జబ్బుకి ఇప్పటికీ అది మంచి వైద్యమే. బహుశా ఆయన చుట్టాల్లో ఎవరికో అలా చేసి ఉంటారు. మీ జబ్బు గ్రంథిలోనే ఉందని స్కాన్లు చెబుతుంటే ఆ ఆపరేషన్ మీకు సంబంధించింది కాదు. ఆయన మీద కోపం వద్దు. మన ఊళ్లలో జబ్బు గురించి మనకు ముందు పాఠం చెప్పేది పక్కింటివాళ్లే. ఆయన చెప్పింది ఆయనకి తెలిసిన ఒక్కరి కథ, అంతే.

నడుం నొప్పికి స్కాన్‌లో కారణం కనిపించలేదంటే నలభై ఏళ్లు గల్లాపెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న సంగతి గుర్తు చేసుకోండి. అయినా డాక్టరుకి చెప్పండి. మనసులో దాచుకున్న నొప్పి రాత్రి పన్నెండింటికి రెండింతలవుతుంది.

ఎంత కాలం అని అడిగారు. మీ రిపోర్టులు పూర్తిగా చూడకుండా మీకు సంవత్సరాలు చెప్పను, చెప్పేవాళ్లని నమ్మకండి. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. బ్రిటన్‌లో గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 1643 మందిని మూడు గుంపులు చేసి కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ ఇచ్చారు. మిగతావాళ్లని పరీక్షలతో కనిపెట్టి ఉన్నారు. పదిహేనేళ్ల తర్వాత 2023లో లెక్క తీస్తే ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురు, ఏ గుంపులోనైనా సుమారు అంతే. అందులో ఎక్కువమందికి మీకన్నా నెమ్మదైన రకం ఉంది కాబట్టి ఆ అంకెను అచ్చంగా మీకు అతికించుకోవద్దు. మీ గ్రేడుకి, పీఎస్ఏ 14కి ఊరికే కనిపెట్టి ఉండమని సాధారణంగా ఎవరూ చెప్పరు. మీ డాక్టరు చెప్పిన రెండు దారులే ఎవరైనా చెబుతారు: ప్రోస్టేట్ గ్రంథి తీసేసే ఆపరేషన్, లేదంటే రేడియేషన్‌తో పాటు నాలుగు నుంచి ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్లు. ఈ అధ్యయనం గురించి ఎందుకు చెప్పానంటే, ఇది రేపు ఉదయానికి తేల్చాల్సిన జబ్బు కాదని మీకు తెలియాలని. కొన్ని వారాలు ఆలోచించుకోవడానికి టైముంది. ఆ వారాల్లో సర్జన్‌ని ఒకసారి, రేడియేషన్ డాక్టర్ని ఒకసారి విడివిడిగా కలవండి. ఎవరి వైద్యం వాళ్లకి ముద్దు. అది మోసం కాదు, అలవాటు. ఇద్దరి మాటా విన్నాక మీరే బేరీజు వేసుకోవచ్చు. ఖర్చు సంగతి ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో ఏది వస్తుందో అక్కడ ఆ పథకం చూసేవాళ్లని అడిగితే చెబుతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చిట్టా పుస్తకం ఒకటి పెట్టండి. ఎడం పేజీలో మీ ప్రశ్నలు, కుడి పేజీలో జవాబులు. ప్రశ్నలు అయిదు దాటనివ్వకండి. ఓపీలో అంతకంటే టైం దొరకదు, ఆ మాట ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. ‘తెలుగులో చెప్పండి, బొమ్మ గీసి చూపించండి’ అని అడగండి. మందుల చీటీ వెనక ఓ తిత్తి, దాని కింద ఉసిరికాయంత గ్రంథి, మధ్యలోంచి గొట్టం గీయడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఎవరూ కాదనరు. ఆయన చెప్పడం అయ్యాక లేవకుండా, ‘నాకు అర్థమైంది చెబుతాను, తప్పుంటే దిద్దండి’ అని మీ మాటల్లో అప్పజెప్పండి. తప్పులు అక్కడే బయటపడతాయి.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక రైతుకి ‘బోన్ స్కాన్ నెగిటివ్ వచ్చిందయ్యా’ అని సంతోషంగా చెప్పి పంపించాను. పది రోజులకి ఆయన భార్య వచ్చింది. మనిషి తిండి మానేశాడట, పొలం కాగితాలు తీసి కొడుకులకి పంపకాలు మొదలుపెట్టాడట. ఆయనకి నెగిటివ్ అంటే చెడు. నేను అప్పజెప్పించుకోలేదు. ఆ తర్వాత నెగిటివ్, పాజిటివ్ అన్న మాటలు నా నోట రానివ్వలేదు, ‘ఎముకల్లో లేదు’ అనడం నేర్చుకున్నాను.

ఇక ఇంటి సంగతి. మీ అబ్బాయి తప్పు చేస్తున్నాడని అననుగానీ, వాడికి మీకంటే ఎక్కువ భయంగా ఉంది. ‘నాన్నకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు’ అని తలుపు దగ్గర వెనక్కి తిరిగి దండం పెట్టే కొడుకుల్ని వందల మందిని చూశాను. మొదట్లో సరే అనేవాణ్ణి. ఆ నాన్నలందరికీ అప్పటికే తెలుసు. ఆంకాలజీ, అంటే క్యాన్సర్ విభాగం అని రాసున్న బోర్డు కింద గంటసేపు కూర్చున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? మీరు కవరు తీసి చూసినట్టే వాళ్లూ చూసి ఉంటారు. తండ్రి తెలియనట్టు, కొడుకు ఏమీ లేనట్టు నటించుకుంటూ ఒకే మంచం మీద కూర్చుని క్రికెట్ చూస్తుంటారు.

మీరే ఎత్తండి. భోజనాలయ్యాక, కోడలూ పిల్లలూ లేని టైం చూసి, ‘ఒరే, కవరు నేను చూశాను. నాకు తెలుసు. నువ్వు ఒక్కడివే మోయనక్కర్లేదు. వచ్చేసారి లోపలికి ఇద్దరం వెళ్దాం’ అనండి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. కాగితాలు మీవి. ఆసుపత్రి రికార్డులు రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. సొంతంగా నిర్ణయించుకోగల పెద్దవాళ్ల విషయంలో సమ్మతి రోగి నుంచే తీసుకోవాలనీ, ఇంట్లోవాళ్లు ఇస్తే చెల్లదనీ 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి కొడుకు మీద వాడటానికి కాదు, ఆసుపత్రి కౌంటర్లో ఎవరైనా ‘మీ అబ్బాయిని తీసుకురండి’ అంటే చెప్పడానికి.

చివరికి, ఉత్తరం వెనక చిన్న అక్షరాలతో రాసి, రెండు గీతలు కొట్టేసి, మళ్లీ రాసిన ప్రశ్న. దాన్ని అచ్చు వేయడం లేదు. జవాబు మాత్రం వేస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న అడగకుండా ఆపరేషన్ చేయించుకుని తర్వాత బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు.

అవును, దాంపత్య సుఖంలో తేడా వస్తుంది. ఆపరేషన్‌లో ప్రోస్టేట్‌తో పాటు వీర్యకోశాలు కూడా తీసేస్తారు కాబట్టి వీర్యం రాదు, సుఖం తెలుస్తుంది గానీ. అంగస్తంభన నరాలు గ్రంథికి రెండు పక్కలా అంటుకుని ఉంటాయి. జబ్బు అటు పోకపోతే వాటిని కాపాడటానికి చూస్తారు. కాపాడినా తిరిగి రావడానికి ఏడాది రెండేళ్లు పట్టవచ్చు, మీ వయసులో కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. మొదటి కొన్ని నెలలు దగ్గినా లేచినా మూత్రం చుక్కలు పడుతుంది. దానికి కటి కండరాల వ్యాయామం ఉంది, ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టాలి, ఎలా చేయాలో ఫిజియోథెరపిస్టుని అడగండి. రేడియేషన్ అయితే ఈ తేడా అప్పటికప్పుడు కాక నెమ్మదిగా వస్తుంది, మలద్వారం దగ్గర ఇబ్బందులు ఉండొచ్చు. దాంతో ఇచ్చే ఇంజెక్షన్ల వల్ల కోరిక తగ్గుతుంది, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, చిరాకు పెరుగుతుంది. ఆ చిరాకు మందుదని మీ ఇంటావిడకి ముందే చెప్పండి, లేకపోతే మీ మనసే మారిందనుకుంటారు. మీరు అడగడానికి సిగ్గుపడ్డారు. ఆవిడ మిమ్మల్ని అడగడానికి అంతకంటే ఎక్కువ సిగ్గుపడుతుంటారు. కావాలంటే ఈ పేరా చూపించండి.

ఒకటి మర్చిపోయాను. ఒంటేలు కోసం మీరు మాత్ర ఏదైనా వేసుకుంటున్నారో లేదో రాయలేదు. వేసుకుంటుంటే అట్ట తిప్పి చూడండి. టామ్సులోసిన్ ఒక్కటే ఉంటే ఫర్వాలేదు. దానితో పాటు డ్యూటాస్టెరైడ్ అనో, ఫినాస్టెరైడ్ అనో ఉండి, కొన్ని నెలలుగా వాడుతుంటే మాత్రం ఆ మందు పీఎస్ఏని దాదాపు సగానికి దించుతుంది. అంటే మీ 14 అసలు 14 కాకపోవచ్చు. వచ్చేసారి ఆ అట్ట జేబులో వేసుకెళ్లి, చిట్టాలో మొదటి ప్రశ్నగా అదే అడగండి.